అన్నవాహిక క్యాన్సర్: గడ్డ కంటే ముందే చెడిపోయే పీ53

మింగిన ముద్దను గొంతు నుంచి కడుపులోకి చేర్చే గొట్టమే అన్నవాహిక. దానికి క్యాన్సర్ వస్తే చాలామందికి ముద్ద దిగడం కష్టమైనప్పుడే తెలుస్తుంది. అప్పటికే జబ్బు ముదిరి ఉంటుంది. కానీ లోపలి పొరలో మార్పులు ఏళ్ల ముందే మొదలవుతాయి. వాటిలో ముఖ్యమైనది పీ53 అనే ప్రోటీన్‌ది.

1979లో కనుగొన్న ఈ ప్రోటీన్‌ను మొదట క్యాన్సర్‌ను పెంచేదని పొరబడ్డారు. అది అడ్డుకునేదని తేలడానికి పదేళ్లు పట్టింది. కణంలో డీఎన్ఏ దెబ్బతింటే పీ53 విభజనను ఆపి మరమ్మతుకు టైమిస్తుంది. బాగుపడని కణాన్ని చంపించేస్తుంది.

పరీక్ష దగ్గరే తిరకాసు. ఆరోగ్యంగా ఉన్న కణంలో పీ53 నిమిషాల్లో కరిగిపోతుంది కాబట్టి బయాప్సీ ముక్కకు రంగు వేసి చూస్తే అక్కడక్కడా లేతగా మాత్రమే కనిపిస్తుంది. టీపీ53 జన్యువు చెడితే పుట్టే పనికిరాని ప్రోటీన్ మాత్రం కరగదు. కణకేంద్రకంలో పేరుకుపోయి ముదురు గోధుమ రంగులో కనిపిస్తుంది. అంటే, ఎక్కువ కనిపించిందంటే కాపలా పెరిగినట్టు కాదు, కాపలాదారే చెడిపోయినట్టు. కొన్ని మ్యుటేషన్లలో ప్రోటీన్ తయారే కాదు. అప్పుడు రంగు బొత్తిగా పట్టదు. అదీ చెడు గుర్తే!

ఈ క్యాన్సర్ బాగా ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో చైనాలోని లిన్‌షియన్, ఇరాన్‌లోని గోలెస్తాన్ పేరుమోసినవి. గోలెస్తాన్‌లో నల్లమందు, పొగలు కక్కే చాయ్ మీద అనుమానం ఉంది. 65 డిగ్రీలు దాటిన పానీయాలు బహుశా క్యాన్సర్ కారకాలేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో చెప్పింది. లిన్‌షియన్ నమూనాల్లోనైతే క్యాన్సర్‌కు ముందు దశ అయిన డిస్‌ప్లేజియాలోనే పీ53 పేరుకుపోవడం కనిపించింది. ఆ రంగు మొదట అడుగు వరుస కణాల్లో పట్టి, మార్పు ముదిరేకొద్దీ పై వరుసలకు పాకుతుంది.

అలాగని రిపోర్టులో పీ53 పాజిటివ్ అని రాగానే క్యాన్సరే అనుకోనక్కర్లేదు. ఆరోగ్యవంతుల అన్నవాహికలోనూ చెడిన టీపీ53 ఉన్న కణాల మచ్చలు ఉంటాయని, వయసుతో పెరుగుతాయని 2018లో వచ్చిన పరిశోధన చూపింది. అందుకే పాథాలజిస్టులు కణాల ఆకారం, అమరిక చూశాకే నిర్ణయిస్తారు. కడుపులోని ఆమ్లం ఏళ్ల తరబడి పైకి తన్నడం వల్ల వచ్చే బారెట్ మార్పులో డిస్‌ప్లేజియా ఉందో లేదో తేలనప్పుడు ఈ రంగు పరీక్ష బాగా అక్కరకొస్తుంది. అందులో తేడా కనిపించిన వాళ్లకు ఎండోస్కోపీ త్వరగా మళ్లీ చేస్తారు.