నేను వినుమనెడి పాటలు



ఏ పాట వినవలెనని మా గ్రామమందలి పెద్దలు నన్ను తరచుగా అడుగుచుందురు. నేను గాయకుడను గాను; చరిత్ర చదువుకొన్న శ్రోతను. కావున నా మాటలో రుచితోపాటు కొంత చరిత్రయు చేరును.

మొదట తాళ్లపాక అన్నమాచార్యుని (1408–1503) సంకీర్తనములు వినుడు. తిరుమల ఆలయమందలి యొక అరలో రాగిరేకులపై చెక్కి దాచిన యీ పాటలు 1922 ప్రాంతమున వెలుగునకు వచ్చినవి. పాటపైన రాగము పేరు కలదు గాని స్వరము సాధారణముగా లేదు. మాట దక్కినది, వరుస దక్కలేదు. నేడు మనము వినునవి చాలవరకు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు మొదలగువారు ఇరువదవ శతాబ్దమున కూర్చిన వరుసలు. అన్నమయ్య గొంతునే వినుచున్నామని భ్రమపడరాదు. అయినను శర్మగారి వరుసలు నాకు మిక్కిలి ప్రియములు.

రామదాసు కీర్తనల గతి వేరు. తానీషా ఏలుబడిలో (1672–1687) గోలకొండ చెరలో నుండిన కంచెర్ల గోపన్న పాటలకు భజనగోష్ఠులే భాండారము. నోటినుండి నోటికి వచ్చుటచే వరుస ఊరూరికి మారినది. పండితులు దీనిని దోషమందురు. నాకా మార్పే యిష్టము. వీనిని కచేరిలో గాక చిడతల నడుమ వినుడు.

క్షేత్రయ్య పదములు శృంగారమని కొందరు మొగము చిట్లింతురు. తొందరపడక పాడువారి నోట ఒక్కటి విని, పిమ్మట చెప్పుడు. త్యాగరాజస్వామిని గూర్చి నేను చెప్పనక్కరలేదు. శిష్యులు వ్రాసి, నేర్చి కాపాడిరి గనుక ఆయన కృతులకు అన్నమయ్య పాటల దుర్గతి పట్టలేదు.

మాటలేని సంగీతము కోరువారు ద్వారం వేంకటస్వామినాయుడుగారి (1893–1964) ఫిడేలు వినుడు. ఆయన 1936లో విజయనగర సంగీతకళాశాలకు అధ్యక్షులైరి. పాత గ్రామఫోను పలకకు ఒక ప్రక్క సుమారు మూడు నిమిషములే పట్టును. అంత యిరుకున రాగస్వరూపము నిలుపుట సామాన్యము గాదు.

ఇక మా నాయనమ్మ. ఆమె విసురురాతి దగ్గర ఊర్మిళాదేవి నిద్ర పాడెడిది. ఆమె పోయిన పిమ్మట ఆ పాట మాటలు అచ్చుపుస్తకమున నాకు దొరకినవి. వరుస మాత్రము సగమే జ్ఞప్తియున్నది. చరిత్ర చదివినవాడనయ్యు నేను దానిని పట్టి యుంచలేదు. మీ యిండ్లలో ఆ పాట వచ్చిన ముదుసలులున్నచో నేటి రాత్రి వారిని కూర్చుండబెట్టి పాడించుడు. మనుమల చేతిఫోనున పట్టించుడు.