రీటేక్ లేని యాక్టింగ్

నిజంగా జరిగిన కథని సినిమాగా తీసేటప్పుడు, యాక్టింగ్ అంటే ఏంటో తెలియని మనిషిని ఎందుకు తీసుకుంటారు? బడ్జెట్ లేకనా? నేనూ చాలా రోజులు అలాగే అనుకున్నా. ఈ ఒక్క మనిషి గురించి చదివాక నా అభిప్రాయం మారింది.

1975 ఏప్రిల్ 17. కంబోడియా రాజధాని నామ్‌పెన్ ఖ్మేర్ రూజ్ చేతిలోకి వెళ్లింది. సిటీ మొత్తం ఖాళీ చేయించి, జనాన్ని పొలాల్లో పనికి తోలారు. చదువుకున్నోళ్లంటే వాళ్లకి శత్రువులు. హైంగ్ న్గోర్ అప్పటికే గైనకాలజిస్ట్. ఆ సంగతి తెలిస్తే ప్రాణం పోతుంది. అందుకే చదువు రానివాడిలా బతికాడు. కళ్లజోడు కూడా దాచేశాడు.

ఆ రోజుల్లోనే భార్యకి కాన్పు కష్టమైంది. సిజేరియన్ చేయాలి. చేయడం ఆయనకి వచ్చు. కానీ చేస్తే డాక్టరని బయటపడుతుంది. తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కలేదు.

1979లో ఆ పాలన కూలింది. 1980లో న్గోర్ అమెరికా చేరాడు. అక్కడ ఒక పెళ్లిలో సినిమావాళ్ల కంట పడ్డాడు. రోలాండ్ జోఫే తీసిన 'ది కిల్లింగ్ ఫీల్డ్స్'లో డిత్ ప్రాన్ పాత్ర. ప్రాన్ నిజమైన మనిషి, జర్నలిస్టు. ఆయన కూడా చదువు దాచి బతికినవాడే. న్గోర్ మొదట ఆసక్తి చూపలేదు. మన దేశం కథ లోకానికి చెప్తానని భార్యకిచ్చిన మాట గుర్తొచ్చి ఒప్పుకున్నాడు. 1984లో సినిమా వచ్చింది. 1985లో ఉత్తమ సహాయ నటుడిగా ఆస్కార్ వచ్చింది.

యాక్టింగ్ రాదన్నాం కదా? దాదాపు నాలుగేళ్లు ఆయన చేసింది యాక్టింగే. రీటేక్ లేదు. తప్పు చేస్తే కట్ చెప్పేవాళ్లు లేరు, చంపేవాళ్లే ఉన్నారు.

మరి అలాంటి మనిషిని మళ్లీ ఆ నరకంలో నిలబెట్టడం న్యాయమేనా? ఈ ప్రశ్న నన్ను ఇంకా వదల్లేదు. నాకు తోచింది ఒక్కటే. ఆ నిర్ణయం దర్శకుడిది కాదు, బాధ అనుభవించినవాడిదే అయ్యుండాలి. న్గోర్ విషయంలో అదే జరిగింది.

ఖ్మేర్ రూజ్ నేరాలపై ఐక్యరాజ్యసమితి మద్దతుతో ఏర్పడ్డ కోర్టు మొదటి తీర్పు ఇచ్చింది ఎప్పుడో తెలుసా? 2010లో. అది వినడానికి న్గోర్ లేడు. 1996లో లాస్ ఏంజెలెస్‌లో దోపిడీ దొంగలు కాల్చి చంపారు. కానీ కోర్టుకంటే పాతికేళ్ల ముందే ఆయన సాక్ష్యం చెప్పేశాడు, తెర మీద.

ఈసారి 'నిజ జీవిత కథ ఆధారంగా' అని టైటిల్ పడితే, ఆ నిజం ఎవరిదో ఒకసారి వెతకండి.