ఇల్లిల్లూ తిరిగి రాసిన లెక్క

అమెరికాలో పర్యావరణ ఉద్యమం అంటే చాలాకాలం అడవులు, నదులు, వన్యప్రాణుల రక్షణే. చెత్త ఎవరి వాకిట్లో పోస్తున్నారు, ఫ్యాక్టరీ పొగ ఎవరు పీలుస్తున్నారు అన్న ప్రశ్న పెద్ద సంఘాలకు పట్టలేదు. దాన్ని ముందుకు తెచ్చినవారిలో నల్లజాతి స్త్రీలది పెద్ద పాత్ర. వాళ్లలో ఎక్కువమంది గృహిణులు, టీచర్లు, చర్చి పనుల్లో తిరిగేవాళ్లు. జబ్బుల లెక్క, చెత్త లెక్క, మురుగు లెక్క రాసి అధికారుల ముందు పెట్టడం వాళ్ల పద్ధతి.

ఆ పద్ధతికి పాత వేళ్లున్నాయి. 1908లో అట్లాంటాలో లుజీనియా బర్న్స్ హోప్ నాయకత్వంలో మొదలైన నైబర్‌హుడ్ యూనియన్ స్త్రీలు నల్లవారి పేటలను పంచుకుని ఇంటింటికీ తిరిగారు. నీళ్లు, మురుగు, చెత్త సంగతులు రాసుకుని నగరపాలకులకు అర్జీలు పెట్టారు.

1979లో ఈ పోరు కోర్టు మెట్లెక్కింది. హ్యూస్టన్‌లో నార్త్‌వుడ్ మేనర్ అనే పేట పక్కన చెత్త డంపు రాబోతుంటే న్యాయవాది లిండా మెకీవర్ బుల్లర్డ్ దావా వేశారు. సమాచారం సేకరించే పని భర్త, సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ బుల్లర్డ్‌కు అప్పగించారు. నగరపాలక సంస్థకు చెందిన 5 డంపులూ నల్లవారి పేటల్లోనే ఉన్నట్టు తేలింది. అయినా కేసు ఓడిపోయారు. జాతి వివక్షతో, కావాలనే ఇలా చేశారని రుజువు చేయలేదన్నది కోర్టు. జరిగిన నష్టాన్ని ఆమె లెక్కలతో చూపితే, చట్టం మనసులోని ఉద్దేశానికి సాక్ష్యం అడిగింది. ఈ పేచీ నేటికీ తెగలేదు.

అదే 1979లో షికాగో దక్షిణ అంచున హేజెల్ జాన్సన్ 'పీపుల్ ఫర్ కమ్యూనిటీ రికవరీ' స్థాపించారు. ఆమె ఉన్న ఆల్ట్‌గెల్డ్ గార్డెన్స్ రెండో ప్రపంచయుద్ధం నుంచి తిరిగివచ్చిన నల్లజాతి సైనికుల కోసం కట్టిన ప్రభుత్వ కాలనీ. చుట్టూ చెత్త డంపులు, ఉక్కు మిల్లులు, మురుగు శుద్ధి కేంద్రం. 1969లో భర్త ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయాడు. ఇరుగుపొరుగు పిల్లలకూ క్యాన్సర్ వస్తోందని విని ఆమె తలుపులు తట్టడం మొదలుపెట్టారు: ఈ ఇంట్లో ఎవరికి ఆయాసం, ఎవరికి దద్దుర్లు, ఎవరికి కణితి. అలా పోగైన వివరాలతో తన కాలనీకి 'టాక్సిక్ డోనట్' అని పేరు పెట్టారు: గారెలో పిండిలా చుట్టూ విషం, నడుమ చిల్లులో జనం. ఫ్యాక్టరీల కాలుష్యంతో నలిగిన పటాన్‌చెరు చుట్టుపక్కల ఊళ్లు, నక్కవాగు నీళ్లు ఎరిగినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. సమీపంలోని మేరీలాండ్ మేనర్ వాసులు తాగే బావినీళ్లలో సైనైడ్ ఉందని తేలాక, అక్కడికి నగరం నీటి గొట్టాలు, మురుగు గొట్టాలు వేసేదాకా ఆమె వదల్లేదు. కాలనీ ఇళ్లలో ఆస్‌బెస్టాస్ తొలగించాలన్న పోరులో, అప్పుడు అక్కడ సంఘ కార్యకర్తగా ఉన్న బరాక్ ఒబామా కూడా పాల్గొన్నాడు.

1982లో ఈ కథ దేశమంతటికీ తెలిసింది. నార్త్ కరోలినాలో సుమారు 240 మైళ్ల రోడ్ల వెంట అక్రమంగా పారబోసిన పీసీబీ రసాయనాలతో విషమైన మట్టిని తెచ్చి, నల్లవారు ఎక్కువగా ఉండే వారెన్ కౌంటీలో పాతిపెట్టాలని రాష్ట్రం నిర్ణయించింది. డాలీ బర్వెల్ వంటివారు చర్చి జనాన్ని కూడగట్టి లారీలకు అడ్డంగా పడుకున్నారు. 500 మందికి పైగా అరెస్టయ్యారు. డంపు ఆగలేదు. కానీ ఆ నిరసన వల్ల పుట్టిన చర్చే 1987లో యునైటెడ్ చర్చ్ ఆఫ్ క్రైస్ట్ నివేదికకు దారితీసింది. ప్రమాదకర వ్యర్థాల కేంద్రాలు ఎక్కడ వస్తాయో చెప్పడంలో ఆదాయం కన్నా జాతే పెద్ద సూచిక అని అది తేల్చింది. ఆ పరిశోధనలో పనిచేసిన వెర్నిస్ మిల్లర్ మరుసటి ఏడాది పెగ్గీ షెపర్డ్‌తో, మరొకరితో కలిసి హార్లెమ్‌లో 'వీ యాక్ట్' స్థాపించారు. మురుగు శుద్ధి కేంద్రం దుర్వాసన మీద దావా వేసి, నగరం నుంచి 11 లక్షల డాలర్ల నిధి రాబట్టారు.

1991లో వాషింగ్టన్‌లో ఇలాంటి ఉద్యమాల తొలి జాతీయ సదస్సు 'పర్యావరణ న్యాయం' పేరుతో 17 సూత్రాలు ప్రకటించింది. మనం బతికేచోటు, పనిచేసేచోటు, ఆడుకునేచోటు అన్నీ పర్యావరణమేనని అక్కడ డానా ఆల్‌స్టన్ వాదించారు. 1994 ఫిబ్రవరిలో అధ్యక్షుడు క్లింటన్ పర్యావరణ న్యాయంపై ఉత్తర్వు మీద సంతకం పెడుతుంటే హేజెల్ జాన్సన్ అక్కడే ఉన్నారు.

ఉత్తర్వు వచ్చినా గెలుపులు మాత్రం వీధిలోనే వచ్చాయి. లూసియానాలోని నార్కోలో షెల్ ప్లాంటు కంచెకు ఆనుకుని బతికిన టీచర్ మార్జీ రిచర్డ్, పొగ నమూనాలు పట్టించి, అంతర్జాతీయ వేదికల దాకా వెళ్లి, 2002లో కంపెనీని పునరావాసానికి ఒప్పించారు. 2004లో గోల్డ్‌మన్ బహుమతి పొందిన తొలి ఆఫ్రికన్ అమెరికన్ ఆమె. అదే రాష్ట్రంలో 2018లో 'రైజ్ సెయింట్ జేమ్స్' స్థాపించిన షారన్ లవీన్ పోరాటంతో మరుసటి ఏడాది 125 కోట్ల డాలర్ల వాన్‌హువా రసాయన ప్లాంటు వెనక్కి పోయింది. కోర్టుల తీరు వేరు: ఆమె వ్యతిరేకించిన ఫార్మోసా ప్లాస్టిక్ కాంప్లెక్స్ వాయు కాలుష్య అనుమతులను 2022లో జిల్లా కోర్టు కొట్టేస్తే, 2024లో అప్పీలు కోర్టు తిరిగి నిలబెట్టింది.

2005 కత్రినా తుపాను తర్వాత ఈ పోరాటంలో వాతావరణ మార్పూ చేరింది. అలబామాలోని లౌండెస్ కౌంటీలో నల్లరేగడి వంటి బంకమట్టి నీళ్లు పీల్చదు. వానలు ముదిరితే సెప్టిక్ ట్యాంకులు ఇళ్లలోకే ఎగదన్నుతాయి. కొన్ని కుటుంబాలది పెరట్లోకే మురుగు గొట్టం వదిలేయాల్సిన దుస్థితి. అక్కడ పెరిగిన కేథరిన్ కోల్‌మన్ ఫ్లవర్స్ ఇంటింటి పరిస్థితి నమోదు చేశారు, శాస్త్రవేత్తలను రప్పించారు. 2017లో వెలువడిన అధ్యయనం, దేశంలో అంతరించిందనుకున్న కొంకిపురుగు జాడలు అక్కడి జనంలో చూపింది. 2023లో అమెరికా న్యాయశాఖ ఈ మురుగు సమస్యపై అలబామా ఆరోగ్య శాఖతో ఒప్పందం కుదుర్చుకుంది.

2025 జనవరిలో కొత్త ప్రభుత్వం క్లింటన్ ఉత్తర్వును రద్దు చేసింది. ఏప్రిల్‌లో లౌండెస్ ఒప్పందమూ పోయింది. సంతకంతో వచ్చినవి సంతకంతో పోయాయి. చట్టసభ చేసిన చట్టం ఆసరా కూడా అంతంతమాత్రమే: పౌరహక్కుల చట్టం కింద సామాన్యుడు దావా వేయాలంటే వివక్ష ఉద్దేశాన్ని రుజువు చేయాల్సిందేనని సుప్రీంకోర్టు 2001లోనే తేల్చేసింది. కాబట్టి 1979లో హ్యూస్టన్‌లో ఓడిన వాదనే నేటికీ గెలవాలి: ఎవరు ఏం ఉద్దేశించారన్నది కాదు, ఎవరికి ఏం జరిగిందన్నదే చట్టం చూడాలి. అది ఒప్పుకునేదాకా ఇల్లిల్లూ తిరిగి రాసే పని తప్పదు. షికాగోలో హేజెల్ కూతురు షెరిల్ జాన్సన్ చేస్తున్నది ఆ పనే.