దీపం పెట్టేవారి ఖర్చు: శాసనకాలపు దానం, నేటి విరాళ సేకరణ

ద్రాక్షారామ భీమేశ్వరాలయ శాసనాల్లో అఖండదీప దానాలు కొల్లలు. దక్షిణ భారత శాసనాల నాలుగో సంపుటంలో అచ్చయిన వీటిని చరిత్రకారులు రాజవంశాల క్రమం తేల్చడానికి చదివారు, భాషావేత్తలు తెలుగు పాతరూపాల కోసం చదివారు. స్వచ్ఛంద సంస్థలకు విరాళాలు సేకరించేవారూ వీటిని చదవాలని నా అభిప్రాయం. పనిచేసే మనిషికి అయ్యే ఖర్చు గురించి దాత ముందు నోరు మెదపడానికి ఇవాళ సంస్థలు జంకుతాయి. ఆ ఖర్చుకు శాసనాలు దానంలోనే చోటిచ్చాయి.

దీపదానం నడిచే తీరు చూద్దాం. దాత ఆలయానికి గొర్రెలు ఇస్తాడు. ఒక దీపానికి చాలాచోట్ల 50. వాటిని ఫలానా బోయ (మందల కాపరి) చేతికి అప్పగించినట్టు శాసనం చెబుతుంది. అతను రోజూ కొలత ప్రకారం నెయ్యి పోయాలి. మంద పెరిగితే ఆ పెరుగుదల అతని బతుకుతెరువు, తరిగితే పూడ్చే బాధ్యతా అతనిదే. అతని తర్వాత కొడుకులు, మనుమలు. ఎవరిచ్చారు, ఎవరు చేస్తారు, ఎంత చేస్తారు, ఎంతకాలం చేస్తారు అన్నవన్నీ కొద్ది పంక్తుల్లో తేలిపోతాయి. నేటి ప్రాజెక్టు నివేదికలు పాతిక పేజీల్లోనూ ఇంత స్పష్టంగా చెప్పవు. పైగా నెయ్యి వేరు, కాపరి వేరు అని ఎక్కడా విడదీయలేదు. కాపరి బతికితేనే దీపం వెలుగుతుందని దాతకు తెలుసు.

దాతలు రాజులే కారు. కాకతీయుల కాలపు దానశాసనాలను పరిశీలించిన చరిత్రకారిణి సింథియా తాల్బట్ అధికారులు, వర్తకులు, పశుపాలకులు, స్త్రీలు కూడా దాతలుగా ఉన్నారని చూపారు. వారి తదనంతరం దానాన్ని కాపాడేది ఎవరు? శాసనాల చివర వచ్చే సంస్కృత శ్లోకాలు ఈ చిక్కును రెండు వైపుల నుంచీ పట్టుకున్నాయి. దానం హరించినవాడు అరవైవేల ఏళ్లు పురుగై పుడతాడన్న శాపం అందరికీ తెలిసిందే. దానం చేయడం కన్నా ఇతరుల దానాన్ని కాపాడటం గొప్పదన్న మాట అంతగా గుర్తుండదు. అది రాబోయే నిర్వాహకుడికి ముందుగానే కట్టబెట్టిన గౌరవం.

తిరుమల శాసనాలు మరో మెట్టు చూపిస్తాయి. విజయనగర కాలంలో దాతలిచ్చిన నగదును దేవస్థానం తన గ్రామాల్లో చెరువులు, కాలువలు తవ్వించడానికి వెచ్చించేదని చరిత్రకారుడు బర్టన్ స్టైన్ 1960లో వివరించారు. పెరిగిన పంటతో దాత పేరిట నైవేద్యం జరిగేది. ఆ ప్రసాదంలో నాలుగో వంతు దాతది. తమిళ శాసనాల్లో దాని పేరు ‘విట్టవన్ విళుక్కాడు’. ఆ వాటాను దాత మరొకరికి రాసి ఇవ్వగలిగేవాడు కూడా. దాతకు ప్రతిఫలం ఉండకూడదన్న ఆదర్శం ఇక్కడ కనిపించదు. అయితే ఆ ప్రతిఫలం అతను నిలబెట్టిన పనిలోంచే పుట్టేది. నైవేద్యం ఆగితే వాటా కూడా ఆగుతుంది కాబట్టి పని సాగుతోందో లేదో దాత కనిపెట్టి ఉండేవాడు.

ఈ కోణంలో చూస్తే తిరుమల తిరుపతి దేవస్థానాల నేటి పథకాల్లో ఈ రెండూ ఒకే కోవకు చెందవు. శ్రీవాణి ట్రస్టుకు పదివేల రూపాయలు ఇస్తే బ్రేక్ దర్శనానికి అర్హత వస్తుంది. సేకరణ పరంగా అది పనిచేసే పద్ధతే. కాని ట్రస్టు పని ఆలయ నిర్మాణం, దాతకు దక్కేది దర్శనం. గుడి ఎక్కడ లేచిందో తెలుసుకోవాల్సిన అవసరం దాతకు కలగదు. 1985లో మొదలైన నిత్యాన్నదానం తీరు వేరు. ఒక రోజు వితరణకు 44 లక్షలు: అల్పాహారానికి పది, మధ్యాహ్నానికి పదిహేడు, రాత్రికి పదిహేడు. ఆ రోజు దాత పేరు వెంగమాంబ అన్నప్రసాద భవనంలో ప్రదర్శిస్తారు. బియ్యానికి ఎంత, వంటవారికి ఎంత అని ఎవరూ అడగరు. దాత కొన్నది ఒక రోజు భోజనం, అందులో అన్నీ కలిసే ఉన్నాయి.

చట్టం మాత్రం ఎదురుదిశలో నడిచింది. విదేశీ విరాళాల్లో పరిపాలన ఖర్చు పరిమితిని 2020 సవరణ 50 శాతం నుంచి 20 శాతానికి దించింది. ఉపాధ్యాయులు, వైద్యుల జీతాలు ఈ లెక్కలోకి రావు, అకౌంటెంటుది వస్తుంది. కంపెనీల సామాజిక బాధ్యత నిధుల్లో పరిపాలనకు పెట్టిన 5 శాతం పరిమితి కంపెనీ సొంత ఖర్చుకే వర్తిస్తుంది. అయినా నిధులు అందుకునే సంస్థలకూ అదే కొలబద్ద పట్టే ధోరణి ఉంది. నియమాలు అనవసరమని అనను, దుర్వినియోగం ఊహాజనితం కాదు. కాని ‘మీ రూపాయి మొత్తం పిల్లలకే’ అని ప్రచారం చేసే సంస్థ తన గుమాస్తా జీతాన్ని తానే నేరంగా ఒప్పుకుంటోంది.

నిత్యాన్నదానం తరహాలోనే, సాయంకాలపు ట్యూషన్ కేంద్రాలు నడిపే చిన్న సంస్థ పుస్తకాలకు ఇంత, పలకలకు ఇంత అని అడగడం మానవచ్చు. ఒక కేంద్రానికి ఒక ఏడాది అని అడిగి, అందులో టీచరు జీతం, అద్దె, ఆడిట్ ఫీజు కలిపి చెప్పవచ్చు. టీచరు పేరు దాతకు తెలియాలి. ఏడాది చివర హాజరు పట్టీ కూడా చేరాలి.

శాసన పద్ధతిని యథాతథంగా మెచ్చుకోవడానికి ఒక అడ్డంకి ఉంది. ఆచంద్రార్కం, అంటే సూర్యచంద్రులు ఉన్నంతకాలం, అన్న షరతు దాతకు కీర్తి, బోయకు తరతరాల కట్టుబాటు. ఏడాదికేడాది తిరగరాసుకునే ఒప్పందం ఈ విషయంలో మెరుగు. కరువులో మంద చస్తే ఆ కుటుంబం నెయ్యి ఎక్కడినుంచి తెచ్చిందో దానశాసనం చెప్పదు. దాన్ని చెక్కించింది దాత.