పురుగును పైకెక్కించేది ఏ జన్యువు?

ఎన్‌పీవీ అనే వైరస్ సోకిన శనగపచ్చ పురుగు కొమ్మ చివరికి పాకి తలకిందులుగా వేలాడుతూ చనిపోవడం మన రైతులకు తెలిసిన దృశ్యమే. చితికిన ఒంటి నుంచి కారే ద్రవంలో వైరస్‌ను పొదువుకున్న ప్రొటీన్ స్ఫటికాలుంటాయి. కింది ఆకుల మీద పడిన ఆ స్ఫటికాలను తిన్న పురుగులకు జబ్బు అంటుకుంటుంది. పురుగు ఎత్తున చావడం వైరస్‌కు లాభమే. అంతమాత్రాన వైరస్సే ఎక్కిస్తోందని అనలేం.

1989లో ఓరైలీ, మిల్లర్ అనే శాస్త్రవేత్తలు ఎన్‌పీవీ కుటుంబానికే చెందిన ఒక వైరస్‌లో ఈజీటీ జన్యువు పనిని గుర్తించారు. అది తయారుచేసే ఎంజైము కుబుసం విడిపించే ఎక్డైసోన్ తరహా హార్మోన్లకు చక్కెర అణువును తగిలించి, వాటిని నిర్వీర్యం చేస్తుంది. పురుగు కుబుసం విడవదు, మేత మానదు. వైరస్ పెరగడానికి వ్యవధి దొరుకుతుంది.

2011లో అమెరికాలో హూవర్ బృందం జిప్సీ మాత్ గొంగళి పురుగుల్లో ఈ జన్యువును పరీక్షించింది. ఈజీటీ తీసేసిన వైరస్ సోకినవి తక్కువ ఎత్తులో చనిపోయాయి. జన్యువును తిరిగి చేర్చాక మళ్లీ పైకెక్కి చనిపోయాయి. నా దృష్టిలో ఈ రెండో అడుగే అసలు బలం. తొలగింపు ఒక్కటే చాలదు, ఆ పనిలో పక్క జన్యువు దెబ్బతిని ఉండొచ్చు.

అయినా ఇది అన్ని పురుగులకూ వర్తించే సూత్రం కాలేదు. నెదర్లాండ్స్ పరిశోధకులు ఓరైలీ, మిల్లర్‌ల వైరస్‌తోనే వేరే పురుగుల్లో చూస్తే, ఈజీటీ లేకపోయినా చనిపోయే ఎత్తు మారలేదు. మరో వైరస్‌లో ఈజీటీ పాత్ర పురుగు ఆయుష్షును పొడిగించి, ఎక్కడానికి సమయమివ్వడమే కావచ్చని తేలింది.

పురుగు ప్రవర్తనతో ముడిపడిన మరో వైరస్ జన్యువు పీటీపీ కథ ఇంకా చిక్కు. పట్టుపురుగు వైరస్‌లో దాన్ని తొలగిస్తే పురుగు తిరుగుడు తగ్గిందని 2005లో తేలింది. ఆ జన్యువు తయారుచేసేది ఫాస్ఫటేజ్ ఎంజైము గనుక, ఆ రసాయన చర్యే కారణమనిపిస్తుంది. కానీ 2012లో జపాన్‌కు చెందిన కత్సుమా బృందం ఆ చర్యను మాత్రమే ఆపి చూస్తే తిరుగుడు ఆగలేదు. ఆ ప్రొటీన్ వైరస్ కణంలో భాగమై, మెదడుకు వైరస్ సోకడానికి తోడ్పడుతోంది. అదే ఏడాది నెదర్లాండ్స్‌లో వేరే వైరస్‌తో చేసిన ప్రయోగంలో మాత్రం ఎంజైము చర్యే కీలకమైంది.

అందుకే జిప్సీ మాత్ ఫలితాన్ని శనగపచ్చ పురుగుకు నేరుగా అంటగట్టకూడదు. దాని సొంత వైరస్‌లో ఈజీటీ తీసి, తిరిగి పెట్టి, చనిపోయిన ఎత్తుతో పాటు చనిపోయిన సమయాన్నీ, కుబుసం దశనూ కలిపి నమోదు చేయాలి.