నిలిచిన క్రీడాకారుడు

ఆస్ట్రేలియా ఫుట్‌బాల్ లీగున గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీ జట్టు 2012లో ప్రవేశించెను. రగ్బీకి అలవడిన ఆ ప్రాంతపు ప్రజల నాకర్షించుటకై రప్పించిన రగ్బీ వీరుడు ఇజ్రాయెల్ ఫొలావు ఒక్క సంవత్సర మాడి వెడలిపోయెను. యువ క్రీడాకారులను ముందుగా ఎన్నుకొను హక్కు లభించినను, తొలి రెండేండ్లలో జట్టు గెలిచినవి మూడు పోటీలే. 2013లో దేశమున ప్రథముడుగా ఎన్నుకొనబడిన టామ్ బోయ్డ్ ఒక్క యేడాడి వెస్టర్న్ బుల్‌డాగ్స్ జట్టున చేరెను. 2016లో, ఫైనలుకు ముందు పోటీలో, ఆ జట్టే ఆరు పాయింట్ల తేడాతో వీరిని ఓడించి, పిదప విజేత యయ్యెను.

అదే బుల్‌డాగ్స్ నుండి తొలియేట వచ్చిన కాలన్ వార్డు మాత్రము నాయకులలో ఒకడై నిలిచెను. 2019లో జట్టు తొలిసారి ఫైనలు చేరినపుడు మోకాటిగాయముచే ఆయన ఆడలేకపోయెను. జట్టు 89 పాయింట్ల తేడాతో ఓడెను. ఆయన కోలుకొని మరల ఆ జట్టుననే ఆడెను. ఆ జట్టు చరిత్రలో ఓటముల లెక్కకన్న ఈ నిలకడయే గణనీయము.