జన్మదిన సన్మానము: నజరు నుండి గ్రంథము వరకు

పెద్దల పుట్టినరోజున వారి చెంతకు పోయి నమస్కరించుట మన దేశమున క్రొత్త ఆచారము గాదు. అయినను ఆ పెద్ద తన క్రింద పనిచేయువారి జీతబత్తెములు నిర్ణయించు అధికారి యైనప్పుడు, ఆ నమస్కారమున గౌరవమెంత, భయమెంత యను సందేహము పుట్టును. దీనికి సమాధానము వెదకువారికి హైదరాబాదు చరిత్రయు, ఆంధ్రదేశపు విద్యాచరిత్రయు మంచి సాక్ష్యము నిచ్చుచున్నవి.

నగరమునకు పడమట మాదాపూరునందు 1998 నవంబరు 22వ తేదీన ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయిగారు సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించిరి. తరువాత హైటెక్ సిటీ, కొండాపూరు, గచ్చిబౌలి ప్రాంతములు కంప్యూటరు కొలువులకు నిలయములై, సైబరాబాదు అను పేర ప్రసిద్ధి కెక్కెను. ఇచటి కార్యాలయములలో పై అధికారిని పేరు పెట్టి పిలుచుట సామాన్యము. ఆయన పుట్టినరోజున కేకు కోయుదురు. తలా కొంత చందా వేసికొని కానుక తెత్తురు. ఒకే కార్డుపై అందరును రెండేసి మాటలు వ్రాసి చేవ్రాలు చేయుదురు. ప్రేమతో చందా యిచ్చినవాడును, ఇయ్యకున్న ఏమగునో యని జంకి యిచ్చినవాడును ఆ కార్డుపై ప్రక్క ప్రక్కనే యుందురు. చూచువారికి భేదము తెలియదు.

ఈ సందిగ్ధము ఆ నగరమునకు పాతదే. ఆసఫ్‌జాహీ కొలువున దీనికి నజరు అని పేరు. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1911 నుండి 1948 వరకు రాజ్య మేలెను. ప్రభువు జన్మదినమునను, పండుగలయందును జాగీర్దారులు, ఉన్నతోద్యోగులు తలపై దస్తారు, నడుమున బగ్లూసు ధరించి దర్బారునకు పోయెడివారు. రుమాలుపై అష్రఫీని, వెండి రూపాయలను ఉంచి, రెండు చేతులు చాచి, వంగి సమర్పించెడివారు. మొగలాయీల నాటినుండి వచ్చిన ఈ మర్యాదలో ధనము ముఖ్యము గాదు. నజరు పట్టుటయే విధేయత. దానిని స్వీకరించుటయే అనుగ్రహము. అందు ఇచ్చువాని మనస్సుతో ఎవరికిని పనిలేదు. 1948 సెప్టెంబరులో నిజాము పాలన ముగిసెను. 1949లో జాగీరులు రద్దయ్యెను. పోగొట్టుకొనుటకు పదవియు, పొందుటకు జాగీరును లేనినాడు నజరునకు అర్థమును లేకపోయెను. అధికారముతో పుట్టినది అధికారముతోనే గతించెను.

పుట్టినరోజు కానుకకు వేరొక త్రోవయు కలదు. జర్మనీ దేశపు విశ్వవిద్యాలయములలో ఆచార్యునకు అరువదేండ్లు నిండినప్పుడు శిష్యులును, సహాధ్యాపకులును తలకొక వ్యాసము వ్రాసి గ్రంథముగా కూర్చి సమర్పించు వాడుక ఏర్పడినది. రోము చరిత్రకారుడగు థియొడోర్ మామ్సెన్‌కు 1877లో ఇట్టి గ్రంథమే సమర్పింపబడెను. అందు స్తోత్రముకంటె పరిశోధన యెక్కువ.

తెలుగువారు ఈ పద్ధతిని త్వరలోనే అందుకొనిరి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడై, సవరల భాష నేర్చి, వారికై పుస్తకములు వ్రాసి, వాడుకభాష కొరకు పోరాడిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు 1863 ఆగష్టు 29వ తేదీన జన్మించిరి. వారికి డెబ్బది యేండ్లు నిండిన 1933లో పండితులును, మిత్రులును వివిధ విషయములపై వ్యాసములు వ్రాసి ఒక సంపుటమును సమర్పించిరి. పంతులుగారు ఉద్యోగము విడిచి చాల కాలమైనది. ఒకరికి పదవి ఇప్పింపగల స్థితిలో వారు లేరు. పైగా వారి వాదమునకు పండితలోకమున బలమైన ప్రత్యర్థు లుండిరి. అయినను వ్రాసిరి. ఆ సంపుటమునకు గల విలువ అదియే.

పై అధికారికి క్రిందివారు చేసిన సన్మానమునకు మరింత చక్కని ఉదాహరణము వాల్తేరున దొరకును. సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు 1931 నుండి 1936 వరకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఉపాధ్యక్షులు. సూరి భగవంతంగారు, టి. ఆర్. శేషాద్రిగారు వంటి యువ విద్వాంసులు ఆ కాలముననే అచట చేరి భౌతిక, రసాయన శాస్త్రములకు వన్నె తెచ్చిరి. తత్త్వశాస్త్ర శాఖలో పనిచేసినవారిలో పూళ్ల తిరుపతి రాజుగారు ఒకరు. రాధాకృష్ణన్‌గారు పుట్టిన 1888 సర్వధారి నామ సంవత్సరము. అరువదేండ్ల చక్రము తిరిగి 1948లో మరల సర్వధారి వచ్చెను. ఆ షష్టిపూర్తికై సంకల్పించిన గ్రంథము 1951లో లండను నగరమున వెలువడెను. ఇంగ్లండునుండి ఇంజి, జాక్స్, అమెరికానుండి బర్ట్, మైసూరునుండి హిరియన్న, వీరితోపాటు తిరుపతి రాజుగారును దానికి సంపాదకులు. పుట్టినరోజు దాటి మూడేండ్లయినను కానుక చల్లారలేదు. అప్పటికి రాధాకృష్ణన్‌గారు మాస్కోలో భారత రాయబారి. వాల్తేరు అధ్యాపకులపై వారికి ఏ అధికారమును లేదు. గ్రంథ విషయమో, ప్రాచ్య పాశ్చాత్య తత్త్వముల తులన. అనగా వారు జీవితమంతయు చేసిన పనినే ఇతరులు కొనసాగించుట. మరుసటి యేడు 1952లో అమెరికాలో వెలువడిన వేరొక సంపుటమున విద్వాంసులు వారి సిద్ధాంతములను విమర్శింపగా వారే ప్రత్యుత్తరములు వ్రాసిరి. నిజాము దర్బారున ఇట్టి కానుకను ఊహింపనైన వీలులేదు.

1962లో వారు రాష్ట్రపతి యైనప్పుడు శిష్యులును మిత్రులును సెప్టెంబరు 5వ తేదీన జన్మదినోత్సవము చేయ దలచిరి. దానిని ఉపాధ్యాయుల దినముగా పాటించుట తమకు ఎక్కువ సంతోషమని వారు తెలిపినట్లు ప్రసిద్ధి. తమకు వచ్చిన గౌరవమును తమ వృత్తిలోని వారి కందరికిని పంచిపెట్టిరి. గిడుగువారి జన్మదినము సైతము నేడు తెలుగు భాషా దినోత్సవమై, ఒక వ్యక్తిని దాటి భాషకు చెందినది.

దీనినిబట్టి నిజమైన సన్మానమునకు మూడు గురుతులు తేలుచున్నవి. పుచ్చుకొనువానికి ఇచ్చువానిపై అధికారము ఉండరాదు, ఉన్నను దానితో నిమిత్త ముండరాదు. ఇచ్చునది సొమ్ము గాక స్వంత శ్రమ కావలెను. దాని ఫలము ఇరువురినీ దాటి మూడవవానికి చేరవలెను. సైబరాబాదు కార్యాలయమున కేకు కోసిననాడు ఈ పరీక్షకు సమయము రాలేదు. ఆ అధికారి కొలువు మారి పోయిన పిమ్మట, పని నేర్పినందులకు కృతజ్ఞతతో ఒక ఉద్యోగి వ్రాసిన జాబే అసలైన కార్డు. తాను నేర్చినదానిని క్రొత్తగా చేరినవానికి ఓపికతో నేర్పెనా, అది అంతకంటె గొప్ప కానుక.

గ్రంథాలయమునకు ఈ విషయముతో సంబంధము సహజము. అష్రఫీలు ఖజానా చేరి కనుమరుగయ్యెను. మిత్రులు కూర్చిన గ్రంథములో, బీరువాలలో నిలిచి, ఆ పెద్దల నెన్నడును ఎరుగని పల్లెటూరి బాలుని చేతికి సైతము అందుచున్నవి.